మళ్లీ మహమ్మారి వస్తే ఊళ్లో ముందు రాయాల్సింది జాబితాలో లేనివాళ్ల జాబితా

2020 మార్చి చివరి వారంలో మా ఊరి మొదట్లో తుమ్మకంప అడ్డం పడింది. వేసింది పోలీసులు కాదు, మా కుర్రాళ్లే. "బయటివారికి ప్రవేశం లేదు" అని అట్టముక్క మీద రాసి కంపకు కట్టారు. అప్పటికి మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కర్నూలు జిల్లా నుంచి కోతకొచ్చిన 31 మంది మా ఊరి కల్లాల దగ్గరే పట్టాలు కప్పుకుని ఉన్నారు. కోత ఆగింది, కూలి ఆగింది, దుకాణానికి వద్దామంటే కంప. వాళ్లు ఏం తింటున్నారని మొదటి నాలుగు రోజులు ఊళ్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఐదో రోజు వాళ్ల మేస్త్రీ కంప అవతల నిలబడి, "అమ్మా, బియ్యం అప్పుగా దొరుకుతాయా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నేను జగ్గయ్యపేట దగ్గర ఒక ఊళ్లో వీవోఏని, అంటే గ్రామ సంఘం సహాయకురాలిని. ఊళ్లో ఇప్పటికీ యానిమేటరమ్మ అనే పిలుస్తారు. 27 పొదుపు సంఘాల లెక్కలు రాస్తాను. కరోనా ఉన్న ఆ రెండేళ్లూ లెక్కల పుస్తకాల పక్కన ఇంకో నోటుబుక్కు పెట్టుకున్నాను. ఏ జాబితాలోనూ లేనివాళ్ల కోసం అది. దాన్ని ఎలా రాయాలి, దాంతో ఏమేం చేయొచ్చు, నేనెక్కడ తప్పు చేశాను, అన్నీ ఇక్కడ చెబుతాను. సంఘం అక్కలు, వార్డు మెంబర్లు, బడి పంతుళ్లు, ఎవరైనా చేయగల పనే. కాకపోతే జబ్బు రాకముందే మొదలుపెట్టాలి.

నోటుబుక్కు ఎలా రాయాలి

ప్రభుత్వం నుంచి వచ్చే సాయమంతా ఏదో ఒక జాబితా పట్టుకుని వస్తుంది. 2020లో బియ్యం కార్డు ఉన్నవాళ్లకు ఉచిత రేషన్ వచ్చింది. ఏప్రిల్ 4న, 50 ఇళ్లకు ఒకరు చొప్పున ఉండే గ్రామ వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి 1,000 రూపాయలు ఇచ్చారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున మూడు నెలలు పడింది. ఒకటో తారీఖున పింఛను ఇంటికొచ్చింది. ఇవన్నీ మా ఊళ్లో అందాయి, వేళకే అందాయి. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ప్రతి జాబితా ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగిన చోట నుంచి మన పని మొదలవుతుంది.

కర్నూలు కూలీలకు కార్డులు లేకపోలేదు. ఉన్నాయి, వాళ్ల ఊళ్లో. అక్కడ ఇంటి దగ్గరున్న ముసలివాళ్లు కుటుంబం మొత్తానికి వచ్చిన బియ్యం తెచ్చుకున్నారు. ఆ 1,000 కూడా అక్కడే ఇచ్చారు. కాగితం మీద చూస్తే వీళ్లకు అన్నీ అందినట్టే. ఇక్కడ పట్టాల కింద పొయ్యి వెలగడం లేదు. చెరువు గట్టు మీద పాకలో ఉండే మామ్మ సంగతీ అంతే. ఆమె పేరు కొడుకు కార్డులో ఉంది, కొడుకు విజయవాడలో ఉన్నాడు. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్లకు పుట్టింటి కార్డులో పేరు తీసేశారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. ఇటుక బట్టీలో ఒడిశా వాళ్లు 11 మంది. వాళ్లకు తెలుగే రాదు.

అందుకని ఇంటింటికీ తిరిగేటప్పుడు "కార్డు ఉందా?" అని అడగొద్దు. అలా అడిగితే అందరూ ఉందనే అంటారు. "మీ కార్డు ఏ ఊళ్లో ఉంది? పోయిన నెల బియ్యం ఎవరు తెచ్చారు?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలతో అసలు సంగతి బయటపడుతుంది.

తిరగడం ఊరి నడిమధ్య నుంచి కాకుండా చివర నుంచి మొదలుపెట్టండి. చెరువు గట్టు, ఇటుక బట్టీ, కల్లాలు, బస్టాండు వెనక రేకుల షెడ్లు. రామాలయం వీధికి ఆఖరున వెళ్లినా నష్టం లేదు. వాళ్లకు ఫోన్లున్నాయి, చుట్టాలున్నారు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి సాయంత్రం ఐదు తరువాత వెళ్తే మనుషులు ఇంటి దగ్గర దొరుకుతారు.

నా నోటుబుక్కులో గడులు ఇలా ఉంటాయి. ఇంటి గుర్తు, మనుషులు ఎంతమంది, అందులో పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఎంతమంది. కార్డు ఏ ఊళ్లో ఉంది. నెలనెలా మింగే మందు ఏది, అది ఎన్ని రోజులకు ఉంది. ఫోన్ ఎవరిది, అది బటన్ ఫోనా టచ్ ఫోనా. చివరి గడి: రాత్రి పూట పిలిస్తే వచ్చేది ఎవరు.

ఈ చివరి గడి మొదట్లో లేదు. 2021 మే నెలలో ఒక్కడే ఉండే పెద్దాయనకు రాత్రి ఆయాసం వచ్చింది. ఫోన్లో చార్జింగ్ లేదు. పక్క గోడ అవతల మనుషులున్నారు కానీ ఆయనకు వాళ్లతో నాలుగేళ్లుగా మాటల్లేవు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నోటుబుక్కులో ఆయన ఇంటి దగ్గర "పక్కన మనుషులున్నారు" అని రాసి ఊరుకున్నాను. తెల్లారి పాలబ్బాయి చూసి కేకేశాడు. ఆయన బతకలేదు. పక్కన మనుషులుండటం వేరు, పిలిస్తే వచ్చేవాళ్లుండటం వేరు. ఆ గడిలో పేరు రాసే ముందు ఆ మనిషిని కూడా అడగండి, "రాత్రి రెండింటికి పిలిస్తే వస్తావా?" అని. వస్తానంటేనే రాయండి.

నోటుబుక్కులో పార్టీ పేరు, కులం పేరు రాయకండి. ఎవరైనా లాక్కుని చూసినా అందులో తప్పు పట్టేది ఏమీ ఉండకూడదు.

బియ్యం, ఉప్పు, రీఛార్జి

పని చేసే మనిషికి రోజుకు అర కిలో బియ్యం లెక్క. 31 మందికి రోజుకు పదిహేను కిలోల పైన. వారానికి దగ్గర దగ్గర 110 కిలోలు. ఏ ఒక్క ఇల్లూ మోయలేని బరువు ఇది. సంఘాలకు పంచితే బరువే కాదు. పిడికెడు బియ్యం పద్ధతి మా సంఘాల్లో పాతదే. రోజూ వండేముందు ఒక పిడికెడు డబ్బాలో వేయడం, వారానికోసారి డబ్బా తేవడం. దాన్నే మళ్లీ పెట్టాం. ఏ సంఘం ఎన్ని కిలోలు తెచ్చిందో, ఎవరికి ఎన్ని కిలోలు ఇచ్చామో మైకులో చదివేవాళ్లం. లెక్క చదివితే తెచ్చేవాళ్లు పెరుగుతారు, గుసగుసలు ఆగుతాయి.

బియ్యంతో పాటు ఉప్పు, నూనె, కందిపప్పు, సబ్బు అందరికీ గుర్తొస్తాయి. మేం మర్చిపోయినవి రెండు. ఒకటి, ఆడవాళ్లకు నెలసరికి కావలసినవి. వాళ్లు 9 మంది ఉన్నారు, ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. రెండోది ఫోన్ రీఛార్జి. మేస్త్రీ ఫోన్లో బ్యాలెన్సు అయిపోయి, వాళ్ల ఇళ్లలో వీళ్లు ఏమయ్యారో తెలియక ఏడ్చుకుంటున్నారు. రీఛార్జి చేయించిన రోజు, నడిచి పోదామని మూటలు కట్టుకున్న నలుగురు కుర్రాళ్లు ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఆగిపోయారు. ఎండలో కర్నూలు దాకా నడక. అదే ఏప్రిల్లో, ములుగు జిల్లా మిరప తోటల్లో పనికొచ్చిన 12 ఏళ్ల పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు నడిచిపోతూ, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా చనిపోయింది. ఆ వార్త విన్నాక నాకు చాలా రాత్రులు నిద్ర లేదు.

మా వాళ్లను ఏప్రిల్ చివర్లో, జిల్లాల మధ్య వలస కూలీలను బస్సుల్లో పంపడం మొదలయ్యాక పంపగలిగాం.

ఊరి మనసు ఎలా మారుతుందో కనిపెట్టడం

జనం ఒకే మాట మీద ఉండరు. అది వాళ్ల తప్పు కాదు, భయం అలాంటిది. మార్చి 22 సాయంత్రం ఐదింటికి మా వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దీపాలు పెట్టింది. డాక్టర్లకు, నర్సులకు దండం అన్నారు. ఆ పక్క వారమే ఆసుపత్రిలో పని చేసే అమ్మాయిని ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన ముస్లింల మత సమావేశం నుంచి జబ్బు పాకిందన్న వార్తలు టీవీలో మొదలయ్యాక, ఇరవై ఏళ్లుగా మా వీధిలో అరటిపళ్లు అమ్మే సాయిబు గారి దగ్గర కొనడం మానేశారు. ఆయన ఢిల్లీ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు వాదనకు దిగితే పని కాదని నా అనుభవం. భయపడ్డ మనిషికి తర్కం చెబితే ఇంకా బిగుసుకుంటారు. నేను చేసింది ఇది. ఆయన బండిని మా అరుగు ముందే ఆపించి, అందరూ చూస్తుండగా డజను కొన్నాను. మా సంఘంలో అందరూ గౌరవించే పెద్దావిడను కూడా కొనమని ముందే బతిమాలాను. మర్నాడు ముగ్గురు కొన్నారు. వారంలో బండి మామూలుగా తిరిగింది. ఊళ్లో ఎవరి చేత చేయిస్తే నలుగురూ చేస్తారో ఆ పేరు కూడా మీ నోటుబుక్కులో ఉండాలి.

రాజకీయం గురించి కూడా ఒక మాట. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మా రచ్చబండ దగ్గర ఆ రోజుల్లో ఎవరైనా "జబ్బు ముదురుతుందా?" అని అడిగితే, జవాబు మనిషిని బట్టి కాక పార్టీని బట్టి వచ్చేది. అసలు ఇబ్బంది ఇంకోటి. పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే ముగిసింది, మొదటి విడత కరోనా అంతా ఊళ్లో ఎన్నికైన సర్పంచే లేడు. ప్రత్యేకాధికారికి నాలుగైదు ఊళ్లు. మళ్లీ 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు పెట్టేసరికి జనంలో భయం పూర్తిగా పోయింది, మాస్కు గడ్డం కిందికి దిగింది. కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చునేసరికి రెండో విడత వచ్చి మీద పడింది. భయం ఎక్కువైనప్పుడు మనుషుల్ని వెలివేస్తారు, తక్కువైనప్పుడు జాగ్రత్త వదిలేస్తారు. ఈ రెండూ వస్తాయని ముందే తెలుసుకుని, మొదటి దానికి వెలివేయబడ్డవాళ్ల వైపు నిలబడాలి, రెండో దానికి ముసలివాళ్ల ఇళ్లు పదే పదే తిరగాలి.

2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్య కరోనాకు ఇచ్చే నాటు మందు కోసం వేలమంది బారులు తీరారు. ప్రభుత్వం మొదట ఆపింది, తరువాత మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. మా ఊళ్లోనూ కారు మాట్లాడుకుని నెల్లూరు జిల్లాకు బయలుదేరినవాళ్లున్నారు. ఆసుపత్రిలో మంచం దొరకని రోజులవి, ఆశ పెట్టుకున్నవాళ్లను తిట్టి ఏం లాభం? వాళ్లకు నేను ఒకటే చెప్పాను: "ఏ మందు వేసుకున్నా సరే, ఆక్సీమీటరు మాత్రం వేలికి పెట్టి చూసుకోండి. 94 కంటే తగ్గితే ప్రయాణం మానేసి ఆసుపత్రికి పదండి." జ్వరంతో ఉన్న మనిషిని అంత దూరం, అంత గుంపులోకి పంపకుండా ఇద్దర్ని ఆపగలిగాను.

ఉత్తర్వు చదవడం నేర్చుకోండి

టీవీలో స్క్రోలింగ్ చూసి నమ్మకండి, వాట్సాప్‌లో వచ్చింది అసలే నమ్మకండి. జీవో తెచ్చుకుని నాలుగు సంగతులు చూడండి. ఎవరిచ్చారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వేళల్లో, మినహాయింపులు ఏంటి. పేదవాడి బతుకంతా ఆ మినహాయింపుల్లోనే ఉంటుంది.

లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. మార్చి 27న కేంద్ర హోం శాఖ పొలం పనులకు, పొలంలో కూలీలకు మినహాయింపు ఇచ్చింది. మా ఊళ్లో ఆ సంగతి వారం దాకా ఎవరికీ తెలియదు. మా అబ్బాయి ఫోన్లో ఆ కాగితం తెరిచి రైతుకు, అటు బీటు కానిస్టేబుల్‌కు చూపించాక కోతలు మళ్లీ మొదలయ్యాయి. మనిషికీ మనిషికీ దూరం పెట్టి సాళ్లు విడదీసి కోయించారు. గుంటూరు మిర్చి యార్డు మూతపడి రైతు చేతిలో డబ్బు ఆడకపోయినా, కూలీలకు సగమైనా చేతికొచ్చింది. తరువాత ఉపాధి హామీ పనులు కూడా అలాగే అడిగి పెట్టించుకున్నాం. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 237 రూపాయలు.

మాది ఆంధ్ర, తెలంగాణ సరిహద్దు. రెండు ప్రభుత్వాల ఉత్తర్వులూ చదవాలి. లాక్‌డౌన్ మొదలైన రోజుల్లోనే హైదరాబాద్ హాస్టళ్ల పిల్లలు అక్కడ పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని బయలుదేరి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఒక రాష్ట్రం వెళ్లమంది, ఇంకో రాష్ట్రం రావద్దంది, మధ్యలో పిల్లలు రోడ్డు మీద. 2021 మే 5 నుంచి మాకు మధ్యాహ్నం 12 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ. మే 12 నుంచి అవతల కోదాడలో ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు. తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి అంబులెన్సుల్ని కూడా సరిహద్దులో ఆపితే, తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వును నిలిపేసింది. పెద్ద ఆసుపత్రి పక్క రాష్ట్రంలో ఉన్న ఊరివాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మంచం ఉందని ఫోన్లో చెప్పిన మాట సరిపోదు. ఆసుపత్రి నుంచి మెసేజో, చీటీనో ఫోన్లోకి తెప్పించుకున్నాకే బండి కదిలించండి.

మనం పైకి రాసే అర్జీ కూడా ఒక పద్ధతిలో ఉండాలి. "పేదలు చాలా ఇబ్బంది పడుతున్నారు" అని రాస్తే అది ఫైల్లోకి పోతుంది. నేను రాసింది ఇది: "31 మంది. పిల్లలు 6, గర్భిణి 1. బియ్యం రెండు రోజులకు ఉన్నాయి. కార్డులు కర్నూలు జిల్లాలో." కింద మేస్త్రీ ఫోన్ నంబరు. తహసీల్దారు ఆఫీసు నుంచి మర్నాడే ఫోన్ వచ్చింది. నోటుబుక్కు ఉంటేనే ఇలా రాయగలం. ఫోన్ రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి, రసీదు తీసుకుని, ఆ నంబరు కూడా నోటుబుక్కులో ఎక్కించండి.

ఇంట్లో రోగి ఉంటే

దీని గురించి ఆశా కార్యకర్తలు నాకంటే బాగా చెబుతారు. సంఘం డబ్బుతో మూడు ఆక్సీమీటర్లు కొనండి, ఎవరింట్లో ఏది ఉందో రాయండి. వాటిలో బ్యాటరీలు మార్చండి. రోగిని ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి, పడుకున్నప్పుడు బాగున్న అంకె నడిస్తే పడిపోవచ్చు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడని అడగండి. మన రాష్ట్రంలో 2020 ఏప్రిల్లోనే కరోనాను ఆరోగ్యశ్రీలో చేర్చారు, అయినా ఆ సంగతి అడగక డబ్బు కట్టినవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు.

టీకాల దగ్గర మన పని బటన్ ఫోన్ ఉన్నవాళ్లతో. ఓటీపీ వాళ్లకు వస్తుంది కానీ చదవలేరు. 2021 జూన్ 20న రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా టీకాలు వేశారు, ఐదేళ్లలోపు పిల్లల తల్లులకు కూడా ముందు వరస ఇచ్చారు. ఆ రోజు నా నోటుబుక్కు పట్టుకుని 17 మందిని ఆటోల్లో తీసుకెళ్లాను.

పోయినవాళ్ల కాగితాలు

దుఃఖంలో ఉన్న ఇంట్లో కాగితాల మాట ఎత్తడం కష్టం. అయినా పదకొండో రోజు లోపల ఎత్తండి. సుప్రీంకోర్టు ఆదేశం మీద ప్రభుత్వం 50,000 రూపాయల పరిహారం పెట్టింది 2021 చివర్లో. అప్పటికి చాలామంది కాగితాలు పారేశారు. పరీక్ష జరిగిన తేదీ నుంచి 30 రోజుల్లోపు పోతే, ఇంట్లో పోయినా సరే, అది కోవిడ్ మరణమే అని నిబంధన. కాబట్టి పరీక్ష ఫోన్లో వచ్చిన మెసేజి, స్కాన్, మందుల చీటీలు, మరణ ధ్రువపత్రం, అన్నీ ఒక కవర్లో పెట్టించండి. మెసేజికి ఫోటో తీసి మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి. తెలంగాణలో అధికారికంగా చెప్పిన మరణాలు నాలుగు వేల దగ్గర ఉంటే, పరిహారానికి దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు వచ్చాయి. లెక్కలోకి ఎక్కని చావులు అన్ని.

మా ఊళ్లో ఒక చెల్లెలి భర్త ప్రైవేటు ఆసుపత్రిలో పోయాడు. కాగితం మీద గుండె ఆగి పోయాడని రాశారు. పరీక్ష మెసేజి వచ్చిన ఫోన్ అమ్మేశారు. నా నోటుబుక్కులో ఆయన జ్వరం మొదలైన తేదీ, పరీక్ష చేయించిన తేదీ, ఏ సెంటరులో చేశారన్నదీ ఉంది. ఆ తేదీ పట్టుకుని ఆరోగ్య కేంద్రంలో రిజిస్టరు తిరగేయించి, రిపోర్టు తీయించి జిల్లా కమిటీకి పెట్టాం. ఏడు నెలలకు డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఆమె కుట్టుమిషను కొనుక్కుంది, మిగిలింది పాప ఫీజుకు కట్టింది. తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలకు రాష్ట్రం 10 లక్షల డిపాజిట్ వేసింది, అలాంటి పిల్లలు మీ దగ్గర ఉంటే ఆ కాగితం ఎవరి దగ్గరుందో ఏడాదికోసారి కనుక్కోండి.

ఇప్పుడు

అప్పటి వాలంటీర్లు ఇప్పుడు లేరు. 2024 జూలై నుంచి పింఛను సచివాలయం వాళ్లు ఇస్తున్నారు. 50 ఇళ్ల పేర్లు నోటికొచ్చే మనిషి మళ్లీ ఎవరో మనమే తయారుచేసుకోవాలి. రేషన్ ఇప్పుడు దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. ఆ పద్ధతి మొదట 2019 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల మధ్య, అటు గుజరాత్, మహారాష్ట్రల మధ్య పెట్టారు. ఆ సంగతి మా డీలరుకు తెలుసు, బట్టీలో ఉన్న ఒడిశా వాళ్లకు తెలియదు. అందుకే ప్రతి ఏడాది సంక్రాంతి దాటాక, కోత కూలీలు దిగే వారంలో, నోటుబుక్కు కొత్తగా రాస్తాను.

ఈ ఏడాది కల్లాల దగ్గర రెండు ముఠాలు దిగాయి, 44 మంది. బట్టీలో 9 మంది. చెరువు గట్టు మామ్మకు పోయిన ఏడాదే సొంత కార్డు వచ్చింది. ఆమె ఇంటి దగ్గర చివరి గడి మాత్రం ఖాళీగా ఉంది. రాత్రి పిలిస్తే వచ్చే ఎదురింటి అబ్బాయి పెళ్లి చేసుకుని ఖమ్మం వెళ్లిపోయాడు. రేపు సాయంత్రం ఆ గట్టు మీదికి వెళ్లి, పక్క పాక వాళ్లను అడగాలి.